ఎద్దు దిగితే నీళ్లెక్కాయి!

కాణిపాకం కథ తెలియని వాళ్లు చిత్తూరు జిల్లాలో ఉండరు. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట రాదు, మరొకరికి వినపడదు. ఉన్న కాస్త మడిని సాగు చేసుకుంటూ బతుకుతుంటారు. ఒకసారి బావిలో నీళ్లు ఎండిపోయాయి. ఒకరు లోపలికి దిగి తవ్వుతుంటే పారకు రాయి తగిలింది, నెత్తురు చిమ్మింది. చూస్తుండగానే బావి నిండింది, ముగ్గురి అవిటితనమూ పోయింది. ఊరంతా వచ్చి కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి మడిలోకి పారాయి గనక అది కాణిపారకమైంది, జనం నోట్లో నలిగి కాణిపాకమైంది. ఐరాల మండలంలో వెలసిన వినాయకుడి కథ ఇది.

ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ముక్క ఒకటుంది. ఆ ముగ్గురూ మడికి నీళ్లు పెట్టుకున్నది దేంతో? ఏతంతో! ఒకరు బావి దగ్గర, ఇద్దరు పైన ఏతం మీద... అలా తోడుకునేవారని చెబుతారు. మహిమ సంగతి భక్తులకు వదిలేసి ఆ ఏతం దగ్గరే కాసేపు ఆగితే, తొమ్మిదో తరగతి పిల్లలు బట్టీపట్టే చలన సూత్రాలు, బలం, పని, శక్తి అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకెళితే, ఐరాల చుట్టుపక్కల బోర్లు ఎందుకు ఇంత ఖరీదైన వ్యవహారమయ్యాయో కూడా అర్థమవుతుంది.

ఎక్కేది మనిషి... దిగేది మాను

ఏతం చూడని పిల్లల కోసం ఓ మాట. బావి గట్టున ఒక గుంజ. దానిమీద ఇరుసు. ఇరుసు మీద అడ్డంగా ఓ పొడవాటి మాను. పార్కులో పిల్లలు ఎక్కి ఊగే సీసా బల్ల లాంటిదే. మానుకు ఒక కొసన వెదురు గడ, గడకు బాన. బావి దగ్గర ఒక మనిషి బాన ముంచుతాడు, పైకొచ్చాక కుమ్మరిస్తాడు. ఇంకో మనిషి ఆ మాను మీదే అటూ ఇటూ నడుస్తాడు. చేతులతో ఏదీ లాగడు, ఎత్తడు. నడుస్తాడంతే!

ఇందులో తమాషా ఏమిటంటే... బాన బావిలోకి దిగినప్పుడు మాను రెండో కొస పైకి లేచి ఉంటుంది. మనిషి ఆ లేచిన కొసవైపు నడుస్తాడు, అంటే ఎక్కుతాడు. అతని బరువుకు మాను ఒరిగి కిందికి దిగుతుంది, బాన పైకి వస్తుంది. బాన ఖాళీ అయ్యాక అతను వెనక్కి తిరుగుతాడు. ఇప్పుడు బావివైపు కొస పైన ఉంటుంది కదా, కాబట్టి అటు నడవాలన్నా ఎక్కడమే. ఎటు నడిచినా ఎక్కుతూనే ఉంటాడు. దిగేది అతను కాదు, మాను! పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఏతం తొక్కిన మనిషి, ఉన్నచోటనే ఓ కొండెక్కినట్టు లెక్క.

గుంజకు పదడుగుల దూరంలో నీళ్లతో కలిపి 35 కిలోల బాన వేలాడుతోందనుకుందాం. పదిని 35తో గుణిస్తే 350. రెండోవైపు 60 కిలోల మనిషి గుంజకు ఆరడుగుల దూరంలో నిలబడితే ఆరు అరవైలు 360. 350 కన్నా 360 ఎక్కువ కాబట్టి మాను మనిషివైపు ఒరుగుతుంది. క్రీస్తుకు రెండు వందల ఏళ్లకు పైగా ముందు సిరాక్యూస్ నగరంలో ఆర్కిమెడిస్ లెక్కగట్టి చెప్పిన సూత్రం ఇదే. ఏతం తొక్కినవాళ్లకు ఆయన పేరు తెలియకపోయినా, మాను మీద ఎంత దూరం నడిస్తే బాన లేస్తుందో పాదాలకు తెలుసు.

ఇక్కడ బలంలో లాభమేమీ లేదని గమనించారా? 60 కిలోల మనిషి 35 కిలోలనే ఎత్తుతున్నాడు. మరి మిగిలిన 25 కిలోలు ఏమయ్యాయి? దూరంలోకి మారాయి. మనిషి ఉన్నచోట మాను ఆరడుగులు దిగితే బాన పదడుగులు లేస్తుంది. బరువు తగ్గింది, ఎత్తు పెరిగింది. ఏ యంత్రమైనా ఇంతే. బలం తక్కువ పెట్టాలంటే ఎక్కువ దూరం నడవాలి, తక్కువ దూరంతో సరిపెట్టుకోవాలంటే ఎక్కువ బలం పెట్టాలి. రెండింట్లోనూ మిగుల్చుకునే యంత్రాన్ని ఇంతవరకూ ఎవరూ చేయలేదు. చేశామని పేపర్లో ప్రకటనలిచ్చిన వాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు!

ఎద్దుల బలమా... బరువా?

బావి లోతు పెరిగితే ఏతం చాలదు. అప్పుడు కపిల. కోస్తా జిల్లాల్లో మోట అంటారు, రాయలసీమలో కపిల. 1960ల దాకా ఈ ప్రాంతంలో సేద్యమంటే చాలావరకు చెరువు కింద, లేదంటే కపిల కింద. డెబ్భై అయిదేళ్లు దాటిన పెద్దాయన ఇంట్లో ఉంటే అడిగి చూడండి. బాన ఎలా ఉండేది, మోకు ఎంత లావుండేది, ఏ ఎద్దు ఏ పక్క కట్టేవాళ్లు... అన్నీ చెబుతారు. కపిల తోలుతూ పాడుకునే పాటలుండేవని కూడా చెబుతారు.

బావి ఒడ్డున గిలక. గిలక మీదుగా మోకు. మోకు ఒక కొసన తోలుతోనో ఇనుముతోనో చేసిన పెద్ద బాన, దాని అడుగున నీళ్లు బయటికి వదిలే తోలు తొండం. రెండో కొస ఎద్దుల కాడికి. బావి నుంచి అవతలికి ఏటవాలుగా పల్లానికి దిగే బాట. ఎద్దులు ఆ బాటలో కిందికి దిగుతాయి, బాన పైకి వస్తుంది. తొండం తాడు సడలించగానే నీళ్లు కాలవలో పడతాయి. తర్వాత ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తూ గట్టెక్కుతాయి, ఖాళీ బాన బావిలోకి దిగుతుంది.

బాటను పల్లానికే ఎందుకు తవ్వారు? చదును నేల మీద నడిపించినా నీళ్లు వస్తాయి కదా? ఇక్కడే ఉంది అసలు కిటుకు.

బావి 30 అడుగులు. బానలో 150 లీటర్ల నీళ్లు, అంటే 150 కిలోలు. ఎద్దుల జత బరువు 800 కిలోలు. బాట పొడవు కూడా 30 అడుగులు, ఈ చివర నుంచి ఆ చివరకు ఆరడుగులు పల్లం. అన్నీ ఉజ్జాయింపు అంకెలే, బావిని బట్టి మారతాయి. ఇప్పుడు రెండు గుణకారాలు చేద్దాం. నీళ్లు ఎక్కింది 150 కిలోలు, 30 అడుగులు. గుణిస్తే 4500. ఎద్దులు దిగింది 800 కిలోలు, ఆరడుగులు. గుణిస్తే 4800!

చూశారా... రెండూ ఇంచుమించు సమానం. అంటే ఎద్దులు పెద్దగా లాగనక్కర్లేదు, బాటలో దిగితే చాలు. వాటి బరువే నీళ్లను ఎత్తేస్తుంది. బాన సొంత బరువు, గిలక దగ్గర రాపిడి ఉన్నాయి కాబట్టి కొంచెం ముందుకు మొగ్గాల్సి వస్తుంది. అదీ చాలకపోతే తోలే మనిషి మోకు మీద ఎక్కి కూర్చునేవాడు. సోమరితనంతో కాదు, తన బరువు కూడా ఆ లెక్కలో కలపడానికి! 'ఎద్దులు నీళ్లు లాగుతున్నాయి' అంటాం గానీ అది సగమే నిజం. ఎద్దులు నీళ్లతో తూగుతున్నాయి.

అయితే ఊరికే వచ్చిందా ఆ 4800? రాలేదు. ఖాళీ బానతో వెనక్కి నడిచేటప్పుడు ఎద్దులు తమ 800 కిలోల ఒంటిని ఆరడుగులు పైకి ఎక్కించుకున్నాయి. కష్టమంతా అప్పుడే పడ్డాయి. ఎక్కేటప్పుడు దాచుకున్నది దిగేటప్పుడు ఖర్చు పెట్టాయి. ఏతం మీద మనిషి చేసిందీ అదే. భౌతికశాస్త్రం దీన్నే స్థితిశక్తి అంటుంది. ఎత్తుకు చేరిన ఏ వస్తువులోనైనా, దాన్ని అక్కడికి చేర్చడానికి చేసిన పని దాక్కుని ఉంటుంది. చెరువు సంగతీ అంతే. వాన పుణ్యమా అని ఎత్తున నిలిచిన నీళ్లు తూము తీయగానే వాటంతటవే మడికి పారతాయి, ఎవరూ ఎత్తనక్కర్లేదు. మన పూర్వులు ఊరికి ఎగువన చెరువు తవ్వడంలో ఉన్న లెక్క ఇదే.

'పని' అన్న మాటకు శాస్త్రంలో అర్థం వేరు. బరువును ఎంత ఎత్తుకు తీసుకెళ్లారన్నదే లెక్క. యాభై కిలోల మూట నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే, మూట మీద జరిగిన పని సున్నా! మార్కెట్ యార్డులో హమాలీలతో ఈ మాట అంటే నవ్వుతారు, నవ్వాలి కూడా. ఒంట్లో కండరాలు బిగబట్టి ఉండటానికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. కానీ ఆ ఖర్చు వల్ల మూటకు ఒరిగిందేమీ లేదు.

గిలక గురించి ఓ అపోహ

బావి గిలక బరువు తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, తగ్గించదు. కదలకుండా ఒకచోట బిగించిన గిలక మీదుగా 15 కిలోల బకెట్ లాగాలంటే 15 కిలోల బలమూ పెట్టాల్సిందే. రాపిడి కలిపితే ఇంకొంచెం ఎక్కువే. గిలక చేసే మేలు ఒకటే, దిక్కు మారుస్తుంది. గిలక లేకపోతే బావిలోకి వంగి పైకి లాగాలి, నడుం పట్టేస్తుంది. గిలక ఉంటే నిటారుగా నిలబడి కిందికి లాగొచ్చు. కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు కూడా సాయం వస్తుంది. మళ్లీ అదే సంగతి! ఏతం, కపిల, గిలక... మూడూ సొంత బరువును పనిలో పెట్టుకునే ఉపాయాలే.

మోకు తెగేది ఎప్పుడు?

ఇంతవరకూ చూసింది బరువు, ఎత్తు. ఇక కదలిక సంగతి. కపిల తోలడం నేర్చుకునే కుర్రవాడికి పెద్దవాళ్లు మొదట చెప్పే జాగ్రత్త, ఎద్దుల్ని అదిలించొద్దని. బాన నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ లోపలి నీళ్ల బరువు మోకుకు తెలియదు, బావిలోని నీళ్లే దాన్ని మోస్తుంటాయి. బాన నీటిమట్టం దాటి బయటికొచ్చేటప్పుడు ఆ బరువంతా మోకు మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే ఎద్దులు పరుగందుకుంటే?

ఐజాక్ న్యూటన్ 1687లో అచ్చువేసిన 'ప్రిన్సిపియా'లో దీనికి జవాబుంది. ఒక వస్తువు వేగాన్ని మార్చాలంటే బలం కావాలి. ఎంత త్వరగా మార్చాలనుకుంటే అంత ఎక్కువ బలం. బాన నెమ్మదిగా కదిలితే మోకు మోసేది 150 కిలోలే. సెకను సెకనుకూ రెండు మీటర్ల చొప్పున వేగం పెరిగేలా లాగితే అదే మోకు మీద 180 కిలోలు పడినట్టు. ఒక్క కుదుపుతో లాగితే అంతకు రెండింతలూ మూడింతలూ కూడా కావచ్చు. పాతబడిన మోకు తెగేది అప్పుడే. లిఫ్టు పైకి బయల్దేరగానే ఒళ్లు బరువెక్కినట్టు అనిపించడానికీ కారణం ఇదే.

మరి బాన బయల్దేరి, ఒకే వేగంతో పైకి వస్తున్నప్పుడు మోకు మీద ఎంత బరువు? కదులుతోంది కాబట్టి ఎక్కువే ఉంటుందని దాదాపు అందరూ చెబుతారు. తప్పు! బావి మధ్యలో బాన కదలకుండా వేలాడుతున్నప్పుడు ఎంతో, నిలకడైన వేగంతో పైకి వస్తున్నప్పుడూ అంతే. అదే 150 కిలోలు, గ్రాము కూడా తేడా ఉండదు. ఇది మింగుడు పడటానికి మనుషులకు రెండు వేల ఏళ్లు పట్టింది. వస్తువు కదులుతూ ఉండాలంటే వెనక నుంచి ఎవరో తోస్తూనే ఉండాలని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అన్నాడు. బండి తోలేవాళ్లూ, మడక దున్నేవాళ్లూ అదే నిజమనుకున్నారు. ఎందుకంటే లాగడం ఆపితే బండి ఆగుతుంది కదా! బండిని ఆపుతున్నది రాపిడి అని, అది లేకపోతే బండి పోతూనే ఉంటుందని గ్రహించినవాడు ఇటలీకి చెందిన గెలీలియో. ఆయన అందుకు వాడుకున్నదీ ఏటవాలు బల్లే. నున్నటి గాడిలో గుండ్లు దొర్లించి, అవి ఎంతసేపట్లో ఎంత దూరం పోయాయో కొలిచాడు. ఆ సంగతులన్నీ 1638లో పుస్తకంగా వచ్చాయి. న్యూటన్ మొదటి సూత్రానికి పునాది అదే.

ఇక మూడో సూత్రం. ఎద్దు మోకును ఎంత బలంతో లాగుతుందో, మోకు కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది. రెండూ సమానమైతే ఎద్దు ముందుకెలా పోతోంది? చురుకైన పిల్లలు మాస్టార్లను ఇరుకున పెట్టే ప్రశ్న ఇది. జవాబు ఎద్దు గిట్టల కింద ఉంది. ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి తోస్తుంది, నేల ఎద్దును ముందుకు తోస్తుంది. మోకు వెనక్కి లాగేదానికన్నా ఎద్దు బరువూ, నేల తోపూ కలిసి ఎక్కువగా ఉంటే ఎద్దు ముందుకు కదులుతుంది. అందుకే బాట తడిసి బురదయితే ఎంత బలమైన జత అయినా జారుతుంది తప్ప లాగలేదు. బలం ఎద్దులో ఉంటే చాలదు, నేల పట్టు ఇవ్వాలి.

పీల్చలేని మోటారు

20వ శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బావుల మీదికి ఆయిల్ ఇంజిన్ పంపులొచ్చాయి. మద్రాసు ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆంగ్లేయుడు వాటికోసం గట్టిగా పట్టుబట్టాడు. అప్పట్లో ఐరాల ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కరెంటు మోటార్లు ఊరూరికీ చేరింది మాత్రం స్వాతంత్ర్యం వచ్చాకే.

మోటారు వచ్చాక కూడా ఓ చిక్కు మిగిలింది. గట్టు మీద పెట్టిన పంపు 25 అడుగుల కన్నా లోతు నుంచి నీళ్లు తేవడానికి మొరాయిస్తుంది. ఎంత పెద్ద మోటారైనా అంతే! పంపు నీళ్లను పీల్చుతుందనుకుంటాం గానీ, నిజానికి అది పైపులో గాలిని మాత్రమే పలచన చేస్తుంది. నీళ్లను పైకి తోసేది బావి నీటి మీద ఒత్తుతున్న గాలి. ఆ గాలి ఒత్తిడికి 33, 34 అడుగుల నీటి స్తంభాన్ని నిలబెట్టేంత సత్తువే ఉంది. పైపుల్లో నష్టాలు పోగా చేతికందేది ఇంకా తక్కువ. గెలీలియో కాలంలోనే ఇటలీ పంపులవాళ్లకు ఈ హద్దు అనుభవమైంది. 1640లలో ఆయన శిష్యుడు టొరిసెల్లి కారణం పట్టుకున్నాడు. నీళ్లు తగ్గేకొద్దీ రైతులు బావి గోడలో అర తొలిచి, మోటారును కిందికి దించుకుంటూ పోవడం వెనక ఉన్నది ఈ 33 అడుగులే. చివరికి మోటారును నీళ్లలోనే ముంచేశారు. సబ్‌మెర్సిబుల్ పంపు పీల్చదు, కింద నుంచి తోస్తుంది. తోయడానికి గాలి హద్దు లేదు. ఎన్ని వందల అడుగులైనా తోస్తుంది, కరెంటు ఉండాలంతే.

ముప్పై రెట్లు

ఒక ఎకరంలో అంగుళం లోతున నీళ్లు నిలవాలంటే లక్షా మూడు వేల లీటర్లు కావాలి. దాన్ని 30 అడుగుల బావిలోంచి ఎత్తితే అయ్యే పని కరెంటు లెక్కలో రెండున్నర యూనిట్లు. అవే నీళ్లు 900 అడుగుల కింది నుంచి రావాలంటే 77 యూనిట్లు. ఎత్తు ముప్పై రెట్లయితే పనీ ముప్పై రెట్లు. ఇది తప్పించుకోలేని కనీసపు లెక్క. మోటారు వేడెక్కడానికీ, పైపుల్లో రాపిడికీ సగం పోతుందనుకుంటే 150 యూనిట్లు దాటుతుంది.

యూనిట్లంటే పెద్దవాళ్లకు కంటికి ఆనకపోవచ్చు, ఎద్దుల్లో చెప్పుకుందాం. మోటారు మీద రాసి ఉండే 'హెచ్‌పీ' గుర్రం బలమే. 18వ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవడానికి, ఒక్కో యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో చెప్పాల్సొచ్చి పెట్టిన కొలత అది. మన ఎద్దుల జత ఇంచుమించు ఒక హెచ్‌పీ. ఆ లెక్కన 30 అడుగుల బావి నుంచి ఎకరానికి అంగుళం నీళ్లు తోడటానికి ఒక జతకు మూడున్నర గంటల లాగుడు. వెనక్కి నడిచే సమయం అదనం. 900 అడుగుల నుంచయితే 103 గంటలు! రోజుకు ఆరు గంటలు లాగించినా పదిహేడు రోజులు. ఆ పదిహేడు రోజుల్లో మొదట తడిపిన మడి ఎప్పుడో ఎండిపోతుంది. అంటే ఎద్దులున్న కాలంలో అంత లోతు నీళ్లు ఉన్నా లేనట్టే. మనిషి చేతికి మోటారు రాబట్టే అవి 'మన నీళ్లు' అయ్యాయి.

ఒక్క అంగుళం తడితో పంట పండదు. వరి పైరుకు నాటు నుంచి కోత దాకా నలభై అంగుళాలకు తక్కువ కాకుండా కావాలి. వానలేవీ కలిసిరాకపోతే, ఎకరం వరికి 30 అడుగుల బావి కింద వంద యూనిట్ల పని. 900 అడుగుల బోరు కింద మూడు వేల యూనిట్ల పైమాటే. నష్టాలు కలిపితే ఆరు వేలు. ఐరాల చుట్టుపక్కల నేల అడుగునంతా గట్టి రాయి. నీళ్లు ఉండేది ఆ రాతి పగుళ్లలోనే. ఒక పగులు ఎండితే కింది పగులు కోసం ఇంకా లోతుకు పోవాల్సిందే.

2004 మేలో ఆంధ్రప్రదేశ్‌లో రైతులకు ఉచిత విద్యుత్తు మొదలైంది. అప్పులతో సతమతమవుతున్న రాయలసీమ బోరు రైతుకు అది పెద్ద ఊరటే. అందులో అనుమానం లేదు. కానీ బిల్లు పోయినంత మాత్రాన పని పోదు కదా. ఆ మూడు వేల యూనిట్లూ ఎక్కడో ఒకచోట పుట్టాలి. కడప జిల్లా ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గు మండినప్పుడో, ఇంకో చోట టర్బైన్ తిరిగినప్పుడో ఆ ఎత్తుడు కష్టం జరుగుతూనే ఉంటుంది. కపిల కాలంలో ఆ కష్టం కళ్ల ముందే ఉండేది. ఎద్దు రొప్పితే తోలేవాడు ఆపేవాడు. నీళ్లు ఓ మూర కిందికి పోతే ఆ సాయంత్రమే తెలిసేది. స్టార్టర్ బటన్‌కు ఆ సంగతి తెలియదు. 30 అడుగులకైనా 900 అడుగులకైనా నొక్కుడు ఒకటే.

కృష్ణా నీళ్లను సీమకు తెస్తున్న హంద్రీ-నీవాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. శ్రీశైలం వెనక మల్యాల దగ్గర మొదలుపెట్టి, మెట్టు తర్వాత మెట్టుగా పంపులు పెట్టి ఎక్కిస్తేనే నీళ్లు ఇటు కదిలేది.

పని అంటే బరువు, ఎత్తు రెండూ. ఎత్తు మన చేతిలో లేనప్పుడు మిగిలింది బరువు. చిత్తూరు జిల్లా రైతులు తోతాపురి మామిడివైపు మళ్లడానికి గుజ్జు ఫ్యాక్టరీల గిరాకీ ఒక కారణమైతే, ఈ బరువు ఇంకో కారణం. వేళ్లూనుకున్న మామిడి చెట్టు చాలావరకు వానమీదే బతికేస్తుంది. డ్రిప్పు చేసేదీ అదే. బోరు లోతు అంగుళం కూడా తగ్గించదు, పైకెత్తాల్సిన నీళ్లను తగ్గిస్తుంది.

ఇంట్లో తొమ్మిదో తరగతి చదివేవాళ్లుంటే ఈ ఆదివారం ఓ లెక్క అప్పజెప్పండి. ఎన్ని లీటర్లు, ఎన్ని అడుగుల ఎత్తు... రెండూ గుణించి 12 లక్షలతో భాగిస్తే, ఆ నీళ్లను ఎత్తడానికి కావాల్సిన కనీస కరెంటు యూనిట్లలో వస్తుంది. మేడమీది వెయ్యి లీటర్ల ట్యాంకును 30 అడుగుల కింద ఉన్న సంపులోంచి నింపడానికి యూనిట్‌లో నలభయ్యో వంతు చాలు. అదే ట్యాంకు 600 అడుగుల బోరులోంచి నిండాలంటే అర యూనిట్. పొలం బోరు సంగతి చూడాలంటే మాత్రం పైపులు ఎంత లోతు దించారన్నది కాదు, నీళ్లు ఎంత లోతున ఉన్నాయన్నది లెక్కలోకి తీసుకోవాలి. అదీ తెల్లవారుజామున నిండుగా ఉన్నప్పుడు కాదు, మోటారు ఓ గంట ఆడాక నీళ్లు ఎక్కడికి దిగాయో చూసి.